పనిని లాక్కోకండి, ఇంటిని మార్చండి

నమస్కారం. ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో కీళ్లు పట్టేశాయని తెలియగానే మనలో చాలామంది ‘నువ్వు కూర్చో, మేం చేస్తాంలే’ అంటాం. ఆ మాట వెనుక ఉన్నది ప్రేమే. అయితే ముందు వంట, ఆ తరువాత పూజగది సర్దుకోవడం ఆమె చేతిలోంచి జారిపోయి, చివరికి స్నానానికి సైతం ఎవరో ఒకరు వచ్చేదాకా ఎదురుచూడవలసిన స్థితి వచ్చినప్పుడు, ఆమెను కదలనివ్వనిది కీళ్ల జబ్బు మాత్రమేనా, లేక ఆమెకు తగ్గట్టు మనం మార్చకుండా వదిలేసిన ఇల్లు కూడానా అన్నది నేను మీ ముందు ఉంచదలచిన ప్రశ్న.

కీళ్ల జబ్బులన్నీ ఒకటి కావు. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదలలో నడిచినకొద్దీ, మెట్లెక్కినకొద్దీ నొప్పి పెరుగుతుంది. స్త్రీలలో ఎక్కువగా కనిపించే రుమటాయిడ్ కీళ్లవాతంలో తెల్లవారేసరికి చేతివేళ్లు బిగుసుకుపోయి, గంట గడిచినా పిడికిలి పట్టని రోజులుంటాయి. అలాంటివారిని ఉదయం ఆరింటికే కాఫీ కలపమనడం అన్యాయం. అదే మనిషి పది గంటలకు కూర తరగగలిగితే, ఆ పనిని ఆమెకే వదిలేయడం న్యాయం.

ముందుగా చూడవలసింది స్నానాలగది, మరుగుదొడ్డి. నేలబారు మరుగుదొడ్డిపై గొంతుకూర్చుని లేవడం అరిగిన మోకాళ్లకు రోజులో అన్నిటికన్నా కష్టమైన పని కాగా, ఆ ఒక్క భయంతోనే నీళ్లు తాగడం తగ్గించుకునేవారు, బంధువుల ఇళ్లకు వెళ్లడం మానుకునేవారు ఎందరో ఉన్నారు. కమోడ్ కట్టించే వీలు లేని అద్దె ఇంట్లోనైనా, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీని పాత దొడ్డిపైనే అమర్చుకోవచ్చు. కమోడ్ ఉండి ఎత్తు చాలకపోతే దానిపై బిగించే ఎత్తు సీట్లు దొరుకుతాయి. పక్కగోడకు స్టీలు కడ్డీని లోతైన స్క్రూలతో బిగించండి. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువును ఆపలేదు, దాన్ని నమ్ముకుని పడినవారున్నారు. తలుపు బయటికి తెరుచుకునేలా ఉంటే, లోపల ఎవరైనా పడిపోయినా తలుపుకు అడ్డుపడరు, సాయం త్వరగా అందుతుంది. స్నానానికి జారని కాళ్లున్న ప్లాస్టిక్ స్టూలు, తిప్పవలసిన కుళాయికి బదులు మణికట్టుతోనో మోచేతితోనో నెట్టగలిగే పొడవాటి పిడి కుళాయి అమర్చండి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

వంటగదిలో సూత్రం ఒక్కటే: చిన్న కీలుపై పడే భారాన్ని పెద్ద కీలుకు మార్చాలి. గిన్నెను వేళ్లతో పట్టి ఎత్తకుండా రెండు అరచేతులతో ఎత్తడం, బరువైన పాత్రను గట్టుమీద జరుపుకుంటూ వెళ్లడం, కూరల సంచిని వేళ్లకు తగిలించుకోకుండా ముంజేతికి వేసుకోవడం దీని కిందికే వస్తాయి. గరిటెకు, చాకుకు గుడ్డ చుట్టి పిడిని లావు చేస్తే పట్టు బిగించవలసిన అవసరం తగ్గుతుంది. నేలపై కత్తిపీట ముందు కూర్చునేవారికి బల్ల, దానికి తగిన ఎత్తున్న కుర్చీ ఇవ్వండి. రోజూ వాడే డబ్బాలు నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి.

నేలమీద కూర్చుంటేనే పూజ, నేలమీద కూర్చుంటేనే భోజనం అన్న పట్టింపు కొందరి మనసులో గట్టిగా ఉంటుంది. కుర్చీలో కూర్చుని దీపం పెట్టుకుంటే భక్తికి లోటేమీ రాదని నేను నిండు మనసుతో నమ్ముతాను. పెద్దలకు ఆ మాట చెప్పవలసింది ఇంట్లోని పిల్లలే. చెప్పి ఊరుకోకుండా, దేవుడి పటాలను వారికి అందే ఎత్తులో పెట్టాలి.

ఇక హక్కుల సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో కీళ్లవాతం పేరు విడిగా లేదు. అయినా కీళ్లు శాశ్వతంగా వంకర తిరిగి కదలిక దెబ్బతింటే, దాన్ని చలన వైకల్యం కింద పరిశీలిస్తారు. వైద్యులు పరీక్షించి నిర్ధారించే శాతం 40కి తగ్గకుండా ఉంటే, ఆ చట్టం ప్రత్యేకించిన ప్రయోజనాలకు దారి తెరుచుకుంటుంది. కాబట్టి వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం మనకు రాదులే అని ముందే అనుకోకండి. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్‌లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. కాన్పూరులోని అలింకో సంస్థ శిబిరాలు పెట్టి వాటిని అందిస్తుంది.

శిబిరంలో ఇచ్చినదైనా, దుకాణంలో కొన్నదైనా, కర్ర మనిషికి సరిపోవాలి. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేసినప్పుడు కర్ర పిడి మణికట్టు దగ్గరకు రావాలి. నొప్పి ఉన్న కాలి పక్కన కాకుండా రెండో చేత పట్టుకోవాలి, అప్పుడే నొప్పి కాలిమీద భారం తగ్గుతుంది. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. అడుగున ఉన్న రబ్బరు అరిగితే వెంటనే మార్చండి. అందుకే కర్ర కొనడానికి వెళ్లేటప్పుడు ఎవరో ఒకరు వెళ్లి తెచ్చిపెట్టకుండా, దాన్ని వాడబోయే మనిషిని వెంట తీసుకువెళ్లి, అక్కడే నాలుగు అడుగులు నడిపించి చూడండి.