లారీలు వెళ్లిపోయాక ఘాట్ రోడ్డు ఎవరిది?

(ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. సెమిలిగుడ, కోరాపుట్ నుంచి వచ్చిన పెద్దలకు, జయపురం నుంచి పొద్దున్నే ఘాట్ ఎక్కి సైకిళ్ల మీద వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. ఆల్ప్స్ కొండల్లో సైకిలు తొక్కడం గురించి మాట్లాడమని అడిగారు. తప్పకుండా మాట్లాడతాను. అయితే ఈ మాటలు ఇప్పుడే, ఇక్కడే చెప్పడానికి ఒక కారణం ఉంది. రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి ఆరు వరుసల కొత్త రహదారి పడుతోంది. అది పూర్తయితే, ఇవాళ సాలూరు, కోరాపుట్ మధ్య ఉన్న ఈ సుంకి ఘాట్‌లో మన చెవులు పగిలేలా హారన్ కొట్టుకుంటూ దిగే లారీల్లో చాలా భాగం అటు మళ్లుతుందని నా నమ్మకం. మరి ఈ పాత రోడ్డు సంగతేమిటి? ఆల్ప్స్‌లో ఈ ప్రశ్న ఎప్పుడో వచ్చింది. అక్కడివాళ్లు దానికి సమాధానం కూడా వెతుక్కున్నారు.

ముందు ఆ రోడ్ల పుట్టుక చెప్పాలి. ఇటలీ ఉత్తర భాగంలో స్టెల్వియో అనే కనుమ ఉంది. ఎత్తు 2,757 మీటర్లు. మన దేవమాలి కొండ 1,672 మీటర్లే, దాని మీద ఇంకో వెయ్యి మీటర్లు ఊహించుకోండి. ఆ రోడ్డును 1820 నుంచి 1825 వరకు ఐదేళ్లలో వేశారు. వేయించింది ఆస్ట్రియా సామ్రాజ్యం, వేసిన ఇంజనీరు కార్లో డొనెగాని. అప్పటికి మోటారు లేదు. గుర్రాలు బండ్లను లాగాలి, సైన్యం నడవాలి. అలసిన గుర్రం ఎంత వాలు ఎక్కగలదో అంతకు మించి రోడ్డు నిలువుగా లేవకూడదు. అందుకే ప్రాటో ఊరి వైపు నుంచి 48 హెయిర్‌పిన్ మలుపులు తిప్పి, 24 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో 1,808 మీటర్లు ఎక్కించాడు. సగటు వాలు 7.4 శాతం. అంటే వంద మీటర్లు ముందుకు పోతే ఏడు మీటర్లకు పైగా పైకి లేస్తాం. రెండు వందల ఏళ్ల కింద గుర్రం కోసం వేసిన ఆ లెక్కే ఇవాళ మామూలు మనిషి సైకిలు మీద ఎక్కడానికి వీలు కల్పిస్తోంది. మన దగ్గర కూడా లారీలు రాకముందు ఘాట్లు ఎక్కింది ఎద్దుబళ్లే కదా. పశువు కాలికి సరిపోయిన దారి మనిషి కాలికీ సరిపోతుంది.

"మా వల్ల అవుతుందా?" అని చాలామంది అడుగుతారు. లెక్క చూద్దాం. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలు అనుకుందాం. ఆ బరువును 1,808 మీటర్లు ఎత్తడానికి దాదాపు 1,500 కిలోజూళ్ల పని చేయాలి. ఒంట్లో ఖర్చయ్యేది అందులో నాలుగింతలు, ఎందుకంటే తిన్నదాంట్లో ముప్పావు వంతు వేడిగానే పోతుంది. అంటే దాదాపు 6,000 కిలోజూళ్లు, కేలరీల్లో చెబితే సుమారు 1,500 కిలో కేలరీలు. తొక్కడం అలవాటున్న ఆరోగ్యవంతుడు మూడు గంటల్లో నింపాదిగా ఎక్కితే గుండె మీద మోయలేని భారమేమీ పడదు. అయితే పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. స్టెల్వియో శిఖరం దగ్గర గాలి పీడనం సముద్ర తీరంతో పోలిస్తే నాలుగో వంతుకు పైగా తక్కువ. కింద హాయిగా తొక్కిన వేగమే పైన ఆయాసం పుట్టిస్తుంది. అందుకే ఆఖరి మలుపుల కోసం కాస్త ఓపిక దాచుకోవాలి. దారిలో తింటూ ఉండాలి, ఆకలి వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. నా వరకు చోడంబలి తాగి బయల్దేరి, జేబులో అరటిపళ్లు పెట్టుకుంటే ఇక్కడ ఏ ఘాట్‌కైనా చాలు.

అసలు కీలకం గేర్లలో ఉంది. మన ఇళ్లలో ఉన్న పాత నల్ల సైకిలుకు చైను తిరిగే పళ్ల చక్రాల్లో ముందుదానికి 44 పళ్లు, వెనుకదానికి 18 పళ్లు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిలు ఐదు మీటర్లకు పైగా పోతుంది. చదునుగా ఉన్న కాలనీ రోడ్డు మీద అది బాగుంటుంది. ఏడు శాతం వాలులో గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోతుంటే నిమిషానికి పాతిక చుట్లే తిరుగుతాయి. ప్రతి తొక్కూ మోకాలి మీదే పడుతుంది. అదే ముందు 34, వెనుక 28 పళ్లున్న గేరులో ఒక చుట్టుకు రెండున్నర మీటర్లే. కాలు దాదాపు రెట్టింపు వేగంగా తిరుగుతుంది, బరువు సగానికి దిగుతుంది. ఎక్కే మనిషి అదే, కొండ అదే.

ఈ చిన్న సౌకర్యం కూడా ఊరికే రాలేదు. 1911లో ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిలు పందెం టూర్ ద ఫ్రాన్స్‌ను మొదటిసారి గాలిబియే కనుమ మీదికి తీసుకెళ్లారు. మంచు కరిగి బురదైన మట్టి రోడ్డు అది. దిగి సైకిలు నడిపించకుండా ఎమిల్ జార్జె అందరికంటే ముందు పైకి చేరాడు. గేర్లు మార్చే డిరైలర్‌ను ఆ పోటీలో అనుమతించింది 1937లోనే. అంతకుముందు వెనుక చక్రానికి రెండు పక్కలా రెండు పళ్ల చక్రాలు ఉండేవి. కొండ రాగానే దిగి, నట్టు విప్పి, చక్రం తిరగేసి బిగించుకునేవారు. ఇటలీలోని క్రోచె దావునె కనుమ దగ్గర మంచులో వేళ్లు కొంకర్లు పోయి నట్టు విప్పలేకపోయిన టుల్లియో కంపాగ్నోలో అనే రైడరు, ఆ కష్టంలోంచే చక్రాన్ని చటుక్కున విప్పే పిడిని కనిపెట్టాడని సైకిలు లోకంలో చెప్పుకుంటారు. బయట నిలబెట్టిన మీ సైకిళ్లలో చాలావాటికి చక్రం ఇరుసు పక్కన వేలెడంత లోహపు పిడి ఉంది చూడండి. అది ఆ వంశానిదే. 1953లో ఇటలీ సైకిలు పందెం జిరో ద ఇటాలియా మొదటిసారి స్టెల్వియో ఎక్కినప్పుడు ఇటలీ రైడరు ఫౌస్టో కొప్పి అక్కడే స్విస్ రైడరు హ్యూగో కోబ్లెట్‌ను వెనక వదిలేసి పోటీ గెలిచాడు. అప్పటి నుంచి ఆ 48 మలుపులకు పేరు వచ్చింది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది చాంపియన్ల కథ కాదు. ఫ్రాన్స్ కనుమల్లో రోడ్డు పక్కన ఉండే కిలోమీటరు రాయి. దాని మీద సైకిలు బొమ్మ ఉంటుంది. శిఖరానికి ఇంకా ఎన్ని కిలోమీటర్లు, ఇప్పుడు ఎంత ఎత్తులో ఉన్నాం, రాబోయే కిలోమీటరు సగటు వాలు ఎంత, ఈ మూడూ రాసి ఉంటాయి. వచ్చే కిలోమీటరు తొమ్మిది శాతం అని చదవగానే గేరు తగ్గిస్తాం, మంచినీళ్లు ఓ గుక్క తాగుతాం. ఐదు శాతం అని కనబడితే ప్రాణం లేచి వస్తుంది. చెమట కళ్లలోకి కారుతుంటే, ముఖం కూడా తెలియని ఎవరో ఉద్యోగి మన గురించి ముందే ఆలోచించి ఆ రాయి పాతించాడని తెలుస్తుంది. ఆల్ప్ డ్యూయెజ్ ఎక్కే 13.8 కిలోమీటర్లలో 21 మలుపులకూ నంబర్లున్నాయి. కింద 21తో మొదలై పైకి పోయేకొద్దీ తగ్గుతాయి. ఒక్కో మలుపు దగ్గర అక్కడ పోటీ గెలిచినవారి పేరు ఉంటుంది. ఇలాంటి రాళ్లు నాటడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఎక్కడం గురించి అందరూ మాట్లాడతారు, ప్రమాదమంతా దిగడంలో ఉంది. ఘాట్‌లో లారీ డ్రైవర్లు ఒక మాట అంటారు: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. సైకిలుకు ఇంజన్ బ్రేకింగ్ లేదు, వేగాన్నంతా బ్రేకు ప్యాడ్లే మింగాలి. బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము కాగిపోతుంది, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఇంకా కాగితే ట్యూబు పగలొచ్చు. మలుపుకు ముందే గట్టిగా పట్టి, వేగం తగ్గించి, వదిలేసి, మలుపులోకి పోవాలి. చూపు చక్రం ముందు ఉండకూడదు, మలుపు అవతలి కొసన ఉండాలి. చలి ఇంకో శత్రువు. చెమటతో తడిసిన చొక్కాతో దిగుతుంటే పది నిమిషాల్లో చేతులు మొద్దుబారి బ్రేకు లీవరు అందదు. పాతకాలం రైడర్లు శిఖరం మీద దినపత్రిక తీసుకుని చొక్కా లోపల ఛాతీకి అడ్డం పెట్టుకునేవారు. డిసెంబరు మంచులో పొట్టంగి నుంచి దిగే తమ్ముళ్లు ఇవాళ్టికీ అదే చేయండి, బాగా పనిచేస్తుంది.

ఇక అసలు విషయం. స్విట్జర్లాండులో గోథార్డ్ కనుమ ఉంది, ఎత్తు 2,106 మీటర్లు. ఉత్తర ఐరోపా నుంచి ఇటలీకి పోయే బండ్లు ఒకప్పుడు చాలావరకు దాని మీదుగా పోయేవి. 1980లో కొండ కింద దాదాపు 17 కిలోమీటర్ల సొరంగం తెరిచారు. లారీలు అందులోకి పోయాయి. దక్షిణం వైపు ట్రెమోలా అనే పాత రోడ్డు మిగిలింది. గ్రానైట్ రాళ్లు పరిచిన, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న 24 మలుపుల దారి. దాన్ని పాడుబడనివ్వలేదు, వెడల్పు చేయలేదు, పైన తారు పోయలేదు. రాళ్లు సరిచేస్తూ అలాగే కాపాడుకుంటున్నారు. ఎండాకాలంలో అక్కడ సైకిళ్లే సైకిళ్లు. స్టెల్వియో మీద ఏడాదికి ఒక రోజు మోటారు బళ్లన్నిటినీ ఆపేస్తారు. ఆ రోజు ముసలివాళ్లు, పిల్లలు, వికలాంగుల కోసం చేసిన చేతి సైకిళ్లు తొక్కేవాళ్లు, అందరూ ఎక్కుతారు. సన్నటి టైర్ల చప్పుడు, మాటలు తప్ప ఇంకేమీ వినిపించదు.

మన ఘాట్ చూడండి. సాలూరు మైదానంలో ఉంది, కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో సుంకి, పొట్టంగి, సెమిలిగుడ. అల్లం చేలు, సంతకు తట్టలతో నడిచిపోయే మనుషులు, తెలుగూ ఒడియా కలిపి మాట్లాడే టీ బడ్డీలు. లారీలు తగ్గితే ఈ బడ్డీల వాళ్ల బతుకేమిటన్న టెన్షన్ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. రాత్రిపూట రోటీ తినే డ్రైవరు రాకపోతే ఢాబా మూతపడుతుంది. ఆల్ప్ డ్యూయెజ్ కింద బూర్గ్ ద్వాసాన్ అని చిన్న ఊరుంది. వేసవిలో అక్కడ సైకిలు షాపులు, సైకిళ్లు అద్దెకిచ్చే వాళ్లు, రాత్రి సైకిలు లోపల పెట్టుకోనిచ్చే గదులు నిండి ఉంటాయి. సైకిలు మీద వచ్చేవాడు మెల్లగా వస్తాడు, ఆకలితో వస్తాడు, ప్రతి ఊళ్లోనూ ఆగుతాడు. అతను లారీ డ్రైవరు లేని లోటు మొత్తం తీరుస్తాడని నేను చెప్పను. ఎంతో కొంత తీరుస్తాడు, అదీ మనం ముందుగా సిద్ధపడితేనే.

నేను అడిగేవి మూడు పనులు. సాలూరు నుంచి పొట్టంగి దాకా ప్రతి కిలోమీటరుకు ఎత్తు, వాలు రాసిన రాళ్లు తెలుగు, ఒడియా లిపుల్లో పెట్టాలి. వాలు కొలిచే పని ఇక్కడ కూర్చున్న తమ్ముళ్లే చేయగలరు. పంక్చరు, చైను, బ్రేకు బాగుచేయడం సుంకిలో, పొట్టంగిలో ఒక్కో కుర్రాడికి నేర్పాలి. ఏడాదికి ఒక ఆదివారం ఉదయం ఆరు నుంచి పది వరకు ఘాట్‌ను సైకిళ్లకే వదలమని ఇటు కోరాపుట్ కలెక్టరు గారినీ, అటు పార్వతీపురం మన్యం కలెక్టరు గారినీ కలిసి అడగాలి. అంబులెన్సుకు మాత్రం దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. జనవరి అయితే మేలు, వానకు కొట్టుకొచ్చిన మట్టి, ఆకులు రోడ్డు మీద ఉండవు. అర్జీ రెండు భాషల్లో రాసి ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాం. చదివి, మార్చాల్సిన మాట ఏదైనా ఉంటే చెప్పండి, ఒప్పుకుంటే సంతకం పెట్టండి. పొట్టంగి, సుంకి వైపు బంధువులున్నవాళ్లు భోజనాలప్పుడు నన్ను కలవండి, ముందు అక్కడి బడ్డీల వాళ్లతోనే కూర్చుని మాట్లాడదాం.