మూడో గడి ఖాళీగా వదలొద్దు

ప్రిన్సిపాల్ గారికి, మేష్టార్లకు, మీ అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని, మీరు వేయించుకోవాల్సిన టీకాల గురించి నాలుగు మాటలు చెబుతాను.

2017లో మీరు చిన్న క్లాసుల్లో ఉన్నప్పుడు బడికి నర్సమ్మ వచ్చి తట్టు, రూబెల్లా టీకా వేసింది. బొటనవేలి గోరు మీద నల్ల గుర్తు పెట్టింది, గుర్తుందా? ఇప్పుడు ఇంటికెళ్ళి అమ్మని అడిగితే "నీకు చిన్నప్పుడే అన్నీ వేయించేశాం" అంటుంది. ఆవిడ చెప్పేది నిజమే. అప్పుడు ఇచ్చినవన్నీ వేయించింది. అప్పటికి అందరికీ అందనివి కొన్ని ఉన్నాయి.

అందులో ముఖ్యమైనది హెపటైటిస్ బి టీకా. హెపటైటిస్ బి అంటే లివర్‌కి వైరస్ సోకి వచ్చే ఒక రకం కామెర్లు. ఈ టీకాను 1997లోనే హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసింది. కానీ దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో చేరింది 2011లో. మీలో చాలామంది అంతకు ముందే పుట్టినవాళ్ళు. కొందరికి పడి ఉంటుంది, కొందరికి లేదు. కార్డు చూస్తే గాని తెలియదు, ఆ కార్డు ఇంట్లో ఏ ట్రంకుపెట్టె అడుగున ఉందో!

ఆ మధ్య డిగ్రీ చదివే కుర్రాణ్ణి వాళ్ళమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. కళ్ళు బాగా పచ్చబడ్డాయి. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత వాత, ఇంకా పచ్చిగానే ఉంది. పదిహేను రోజులుగా పసరు మందు, ఉప్పు లేని చప్పిడి పథ్యం. "మా వీధిలో అందరికీ దాంతోనే తగ్గిందండీ" అంది. తగ్గే ఉంటుంది. నీళ్ళ వల్ల వచ్చే ఎ రకం కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది. ఈ అబ్బాయికి రక్తపరీక్ష చేయిస్తే హెపటైటిస్ బి అని తేలింది. ఎలా సోకిందంటే ఏం చెబుతాం? తీర్థంలో పచ్చబొట్టు వేయించుకున్నాడు. హాస్టల్ గదిలో నలుగురిదీ ఒకటే రేజరు. ఏదైనా కావచ్చు. కోలుకున్నాడు గానీ ఒక సెమిస్టరు పోయింది, వాళ్ళమ్మ సగం అయిపోయింది.

పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా కోలుకుంటారు. మిగతావాళ్ళ ఒంట్లో వైరస్ ఉండిపోతుంది. పైకి ఏమీ కనపడదు. ఏళ్ళ తరవాత లివర్ గట్టిపడటమో, క్యాన్సరో బయటపడుతుంది. రక్తం ద్వారా, రక్షణ లేని శారీరక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఒకే కంచంలో తింటే రాదు, పక్కన పడుకుంటే రాదు. కాబట్టి మీ స్నేహితుడికి ఉందని తెలిస్తే దయచేసి వాణ్ణి దూరం పెట్టకండి.

హాస్టల్ పిల్లలకి ఇంకో మాట. ఆటలమ్మ పోస్తే ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని పరీక్షకి రావద్దు. పొక్కులు కనపడక ముందు ఒకటి రెండు రోజుల నుంచి, అన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా అది అంటుకుంటూనే ఉంటుంది. వేపాకు మంచం మీద పరుచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వార్డెన్‌కి మాత్రం మొదటిరోజే చెప్పండి. ఇంతవరకూ రానివాళ్ళకి దీనికి రెండు డోసుల టీకా ఉంది. టైఫాయిడ్‌కీ ఉంది, కొత్త రకమైతే ఒక్క డోసే. వేసవిలో కాలువలు కట్టేసి చెరువు నీళ్ళే దిక్కయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. అయినా నీళ్ళు కాచుకోవడం మానొద్దు.

మళ్ళీ హెపటైటిస్ బి దగ్గరికే వస్తాను, నా బాధంతా దాని మూడో డోసు గురించే. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో వచ్చిన డీఈసీ మాత్రనే మన జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచారు. ఎన్ని ఇళ్ళలో ఆ మాత్రలు గూట్లోనే ఉండిపోయాయో నా కళ్ళతో చూశాను. ఈ టీకా కార్డులూ అంతే. మూడు గడులుంటాయి: ఈరోజు, నెలకి, ఆరు నెలలకి. మొదటి రెండు గడుల్లో తేదీలుంటాయి. మూడోది తెల్లగా ఉంటుంది.

ఎందుకంటే ఇది జులై. మొదటిది ఇప్పుడు, రెండోది ఆగస్టులో, మూడోది సరిగ్గా సంక్రాంతికి పడుతుంది. కోడిపందేలు, ప్రభల తీర్థం, ఇంటి నిండా చుట్టాలు. ఎవరికి గుర్తుంటుంది? పండగ వెళ్ళాక వచ్చి వేయించుకోండి, నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు. నెలలు గడిచిపోయినా సరే, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, మిగిలింది వేయించుకుంటే చాలు. "లేటయింది, డాక్టరు తిడతాడు" అని టెన్షన్ పడి మానేయకండి. నేను తిట్టను.

బయట వరండాలో బల్ల మీద కార్డులున్నాయి. పేరు రాయించుకుని నా దగ్గరికి తీసుకురండి. మూడో గడిలో తేదీ నేనే ఎర్ర ఇంకుతో రాసిస్తాను.