తోటలోకి దూరిన పడవ

నమస్తే అండి. ఇప్పుడు మీ స్క్రీన్ మీద పక్కపక్కనే రెండు ఫొటోలు ఉన్నాయి. కోనసీమలో డిండి దగ్గర వశిష్ఠ గోదావరి, అవతలి ఒడ్డున కొబ్బరి తోట, నీళ్ళ మీద ఒక చిన్న పడవ. రెండూ ఒకటే ఫొటోలా ఉన్నాయి కదా? కావు. ఒకటి ఎడమకంటిది, ఇంకోటి కుడికంటిది. రెండూ కలిపి చూస్తే లోతు కనిపించే స్టీరియో ఫొటో అవుతుంది. పైగా ఇందులో ఒక తప్పుంది. ఒంటికన్నుతో రోజంతా చూసినా అది దొరకదు.

ముందు చూడటం నేర్చుకుందాం. ఫోన్ అడ్డంగా తిప్పి చేయి చాపి పట్టుకోండి. రెండో చేతి చూపుడువేలు ఫోనుకీ ముక్కుకీ మధ్య నిలబెట్టి ఆ వేలి కొసనే చూడండి. వెనకాల ఫొటోలు మసకబారి నాలుగు అవుతాయి. వేలిని మెల్లగా ముందుకీ వెనక్కీ జరపండి, ఒక చోట నాలుగు కాస్తా మూడవుతాయి. అప్పుడు వేలు తీసేసి మధ్య ఫొటోనే చూస్తూ ఉండండి. కాసేపటికి తేటపడుతుంది, చెట్లు ఒకదాని వెనక ఒకటి లేచి నిలబడతాయి. ఇలా చూడటానికి వీలుగా కుడికంటి ఫొటోని ఎడమ పక్కన పెట్టాను. మొదటిసారే రాకపోతే టెన్షన్ పడకండి, నాకు మూడు రోజులు పట్టింది. "ఆ మెల్లకన్ను ఏంట్రా, గుడ్లు అలాగే ఉండిపోతాయి" అని మా అమ్మ తిట్టేది. ఉండిపోలేదు. కళ్ళు లాగినట్టు అనిపిస్తే మాత్రం ఆపేయండి.

ఇదేమీ కొత్త విద్య కాదు. ఫొటో తీసే విద్య లోకానికి తెలిసింది 1839లో. అంతకు ముందు ఏడాదే, 1838లో, ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ చేత్తో గీసిన రెండు బొమ్మల్ని రెండు అద్దాలలో చూపించి, రెండు కళ్ళకీ కొద్ది తేడాతో పడే బొమ్మల నుంచే మనకు లోతు తెలుస్తుందని నిరూపించాడు. మన ధవళేశ్వరం ఆనకట్ట పని నడుస్తున్న రోజుల్లో, 1849లో, డేవిడ్ బ్రూస్టర్ చేతిలో ఇమిడే కటకాల పెట్టె తయారు చేశాడు. అక్కడి నుంచి ఇది ఇంటింటి సరదా అయింది.

ఇక తీయడం. ఒక్క ఫోన్ చాలండి. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడండి. ఒంటి బరువు ఎడమ కాలి మీద వేసి ఒక ఫొటో, కుడి కాలి మీదకి మార్చి ఇంకో ఫొటో. ఫోన్ పక్కకి జరగాలి, తిరగకూడదు. ఎంత జరగాలి? మీకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వస్తువు ఎంత దూరంలో ఉందో అందులో 30వ వంతు. మన కళ్ళ మధ్య ఎడం ఆరున్నర సెంటీమీటర్లు అనుకుంటే, రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి ఆ ఎడం సరిపోతుంది. ఇది శాసనం కాదు, చెయ్యి తిరిగే దాకా పట్టుకోవడానికి ఒక కొలత.

అసలు ఇబ్బంది మన ఊళ్ళతోనే. కొండ లేదు, గుట్ట లేదు. కాలువ గట్టు అడ్డంగా, వరిచేను అడ్డంగా, కరెంటు తీగ అడ్డంగా. ఫోన్ అడ్డంగా జరిపినప్పుడు అడ్డగీతలో తేడా ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. తీగ ఎంత దూరంలో ఉందో కంటికి అందదు. నిలువుగా ఉన్నవే లోతు చెబుతాయి. అందుకని మనకి దిక్కు కొబ్బరి చెట్టే. మొదట్లో నేను చేలకి అడ్డంపడి యాభై అరవై ఫొటోలు తీసి ఉంటాను, అన్నీ పరిచిన చాపల్లా వచ్చాయి. తర్వాత తోటలోకి వెళ్ళాను. ముందు ఒక చెట్టు మొద్దు, దాని వెనక బోదె, అంటే చిన్న నీటి కాలువ, బోదె అవతల ఇంకో వరస, ఆ వెనక దింపు కార్మికులు పోసిన కాయల కుప్ప. అలా పొరలు పొరలుగా ఉంటే ఫొటోలోకి చెయ్యి పెట్టాలనిపిస్తుంది.

తోటలో శత్రువు గాలి. మొదటి ఫొటోకీ రెండో ఫొటోకీ మధ్య మట్ట కదిలిందా, అది ఒక కంటికి ఒకచోట, ఇంకో కంటికి ఇంకోచోట ఉండి కళ్ళ ముందు అల్లాడుతుంది. తెల్లవారుజామున, ఆకు కదలని వేళ వెళ్ళాలి. మొద్దులు మాత్రం ఎప్పుడూ మన మాట వింటాయి.

ఇప్పుడు మన డిండి ఫొటో దగ్గరికి వద్దాం. అవతలి ఒడ్డు 300 మీటర్ల దూరం ఉందనుకోండి. 30వ వంతు అంటే పది మీటర్లు. పది మీటర్లు పక్కకి ఎలా జరుగుతాం? ఇంజన్ పడవ ఎక్కి, ఒడ్డు వెంబడి పోతున్నప్పుడు ఒక ఫొటో తీసి, ఐదారు సెకన్లు ఆగి ఇంకోటి తీయడమే. ఎడమ వైపు కూర్చుంటే మొదటిది ఎడమకంటిది. కుడి వైపు కూర్చుంటే మొదటిది కుడికంటిది. ఇది తారుమారైతే తోట ముందుకి రావాల్సింది పోయి గుంటలా లోపలికి పోతుంది. నేను రెండుసార్లు చేశాను ఆ పని.

పది మీటర్ల ఎడం అంటే, మన కళ్ళు మామూలు కన్నా నూటయాభై రెట్లు దూరంగా ఉన్నట్టు. ఘటోత్కచుడు ఒడ్డుకి వచ్చి తొంగి చూసినట్టన్నమాట. దాంతో లోకం అంతా అంత మేర చిన్నదైపోతుంది. అరవై అడుగుల కొబ్బరి చెట్టు జానెడు కూడా ఉండదు. సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు మెట్ల మీద ఇసక పోసి, కొమ్మలు గుచ్చి ఊరు పెట్టేవారు, అచ్చం అలాగే ఉంటుంది. కొందరికి ఇది నచ్చదు, నిజంగా లేదంటారు. నాకైతే అదే ఇష్టం.

మరి తప్పేంటి? ఆ చిన్న పడవ. మా పడవ పోతున్న వైపే, ఇంచుమించు మా వేగంతోనే పోతోంది. మేం పది మీటర్లు జరిగితే అదీ పది మీటర్లు జరిగింది. అంటే రెండు ఫొటోల్లోనూ అది ఒకే చోట ఉంది. తేడా లేని వస్తువుని మెదడు ఎంతో దూరాన ఉన్నట్టు లెక్కేస్తుంది. కాబట్టి నీళ్ళ మీద ఉండాల్సిన పడవ తోటకి కన్నం పెట్టుకుని చెట్ల వెనక్కి పోయి కూర్చుంది. ఎదురుగా వచ్చే పడవైతే ఇందుకు విరుద్ధంగా, మీ ముక్కు మీదకి వచ్చేస్తుంది.

కదిలేవాటికి మందు ఒకటే, ఒకేలాంటి రెండు ఫోన్లు చెక్కకి పక్కపక్కనే బిగించి, రెండూ ఒకేసారి నొక్కడం. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో రంగు గుడ్డలు చుట్టి భుజాల మీద మోసుకొచ్చే ప్రభలు కౌశిక కాలువ దాటేటప్పుడు ఇంకో దారి లేదు. అక్కడ నేర్చుకున్న ఇంకో సంగతి, ఎరుపు. ఎడమకంటికి ఎర్ర అద్దం, కుడికంటికి నీలి ఆకుపచ్చ అద్దం ఉండే అట్ట కళ్ళజోడు తెలుసు కదా, రెండు ఫొటోల్నీ ఆ రంగుల్లో ఒకదాని మీద ఒకటి కలిపి దాంతో చూస్తే ప్రభ మీది ఎర్రగుడ్డ ఒక కంటికి వెలుగుతూ, ఇంకో కంటికి నల్లగా కనిపించి కళ్ళు పొడుస్తుంది. అలాంటి ఫొటోని ముందు నలుపు తెలుపు చేసి, తర్వాత కలపండి. కలపడానికి, ఎత్తుపల్లాలు సరిచేయడానికి కంప్యూటర్లో స్టీరియో ఫొటో మేకర్ అని ఉచితంగా దొరుకుతుంది.

ఆ అట్ట కళ్ళజోడు పెట్టుకుని మా పెదనాన్న గారు ఏడాదిపాటు నా ఫొటోలన్నీ చూసి "బాగున్నాయిరా" అనేవారు. మొహమాటానికి అంటున్నారని నాకు తెలుసు. ఒక కంటిలో శుక్లం ముదిరిపోయింది, ఆ కన్ను పలక్కపోతే లోతు ఎలా వస్తుంది? మొన్న శీతాకాలంలో ఆపరేషన్ అయింది. నెల తర్వాత పాత ఫొటోలు మళ్ళీ చూపించమన్నారు. ఒక్కోటి తిప్పుతూ ఈ డిండి ఫొటో దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఒరేయ్, ఆ పడవేంట్రా తోటలోకి దూరిపోయింది?"

ఆ తప్పు సంగతి అప్పటికి నేను ఎవరికీ చెప్పలేదండి. ఆ జత మళ్ళీ స్క్రీన్ మీద పెడుతున్నాను, చూడండి.