యూవీ ఫ్లాట్‌బెడ్ కొనాలా, బయటే కొట్టించుకోవాలా?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: బాలానగర్‌లో బోర్డులు తయారుచేసే యజమాని, ప్రింటర్ల సర్వీసు ఇంజినీరు, సైనేజీ డిజైనర్.)

వ్యాఖ్యాత: నమస్కారం. బోర్డులు చేసేవాళ్లు నలుగురు కలిస్తే ఇప్పుడు ఒకటే మాట, ‘యూవీ పెడదామా?’ అని. వినైల్ మీద ప్రింటు తీసి, లామినేషన్ వేసి, సన్‌బోర్డు అనే ఫోమ్ షీటుకు అంటించే తంతు లేకుండా షీటు మీదే నేరుగా కొట్టి, అతినీలలోహిత (యూవీ) వెలుతురుతో ఇంకును అక్కడికక్కడే గట్టిపరిచే మెషిన్ అది. ధర మాత్రం లక్షల్లో. అన్నా, మీతోనే మొదలుపెడదాం. కొనాలా, వద్దా?

యజమాని: ముందుగాల బయట కొట్టించిన జాబ్‌వర్క్ బిల్లులు ముందర పెట్టుకొని కూసోవాలె. నెలకు ఎన్ని ఎనిమిది బై నాలుగు ఫీట్ల షీట్లు బయటికి పోతున్నయ్, అండ్ల వైట్ ఇంకు పడేవి ఎన్ని, గది చూడాలె. మనోళ్లు గది చూడరు. పక్క షాపాయన తెచ్చిండు, మనం తేకుంటే కస్టమర్ పోతడు అని ఉరుకుతరు.

వ్యాఖ్యాత: లెక్క కొంచెం విడమరచి చెప్పండి.

యజమాని: పాతిక లక్షల లోను అనుకుందాం. అయిదేండ్లు, పదకొండు శాతం వడ్డీ. కిస్తీ నెలకు 54 వేల పైన పడ్తది. బయట కొట్టించే రేటుకు, మన దగ్గర కొడితే పడే ఇంకు, కరెంటు, మనిషి ఖర్చుకు నడుమ షీటుకు మూడొందలు మిగుల్తదనుకో. ఒక్క కిస్తీకే 180 షీట్ల పైన కావాలె. ఆదివారాలు తీసేస్తే రోజుకు ఏడు. నీకు రోజుకు రెండే ఉన్నయ్, మిగతా అయిదు యాడికెళ్లి తెస్తవ్? చుట్టుపక్కల షాపుల జాబ్‌వర్క్ తెస్త అంటవ్. వాళ్లు గూడ రేపు మెషిన్ కొంటున్నరు కదా!

డిజైనర్: ఆ లెక్కతో పేచీ లేదు కానీ, అందులో ఒకటి పట్టదండి. యూవీ చేతిలో ఉంటే కొత్త పని వస్తుంది. గచ్చిబౌలిలో ఆఫీసులకు గ్లాస్ పార్టిషన్ మీద పేర్లు, యాక్రిలిక్ గది బోర్డులు, ఆసుపత్రుల్లో దారి చూపే బోర్డులు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాక బ్రెయిలీ ఉన్న బోర్డులు అడిగేవాళ్లున్నారు. యూవీలో ఇంకు పొర మీద పొర వేసి చుక్కను అర మిల్లీమీటరు పైకి లేపొచ్చు. ఆ పనికి చదరపు అడుగు రేటు ఉండదు, ముక్క రేటు ఉంటుంది.

యజమాని: మేడమ్ చెప్పింది నిజమే. కానీ గా పని తెచ్చేది మెషిన్ కాదు, మీ అసొంటి డిజైనర్. ఇంకోటి, 2020ల జీవో 68 వచ్చినంక నేల మీదికెళ్లి పదిహేను ఫీట్ల పైన హోర్డింగులు వద్దన్నరు. గప్పటిసంది పెద్ద ఫ్లెక్స్ పని మీదనే బతికినోళ్లు షాపు బోర్డుల దిక్కు తిరిగిండ్రు. పోటీ గక్కడ గూడ పెరిగింది.

వ్యాఖ్యాత: సరే, కొనాలనే నిర్ణయించుకున్నాడు. ఇంజినీరు గారూ, మీకు మొదట వచ్చే ప్రశ్న ఇంకు చిమ్మే హెడ్ గురించి, ‘ఏ హెడ్ మంచిది’ అనే కదా?

ఇంజినీరు: పొద్దున లేస్తే అదే. అందరి నోటా వినపడేవి రెండు. ఎప్సన్ ఐ3200 యూవీ హెడ్, రికో జెన్5. రికోలో 1280 నాజిల్స్, అంటే ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలు. అతి చిన్న చుక్క 7 పికోలీటర్లు. తరవాత వచ్చిన జెన్6లో అది 5. ఎప్సన్‌లో 3200 నాజిల్స్, చుక్క ఇంకా చిన్నది. కాబట్టి సన్నటి పని ఎప్సన్‌లో నీటుగా వస్తుంది, హెడ్ ధర కూడా తక్కువ. రికో ఖరీదు ఎక్కువ, కానీ దాని బాడీ స్టెయిన్‌లెస్ స్టీలు, లోపలే హీటర్ ఉంటుంది. మొరటు పనికి ఎక్కువ కాలం నిలబడుతుంది. రోజంతా షీట్లు కొట్టే షాపు అయితే నేను రికోనే అంటాను. నేమ్‌ప్లేట్లు, చిన్న చిన్న ముక్కలు చేసేవాళ్లకు ఎప్సన్ చాలు.

డిజైనర్: ఇక్కడ మన లిపి సంగతి ఒకటి చెప్పాలి. సేల్స్ వాళ్లు డెమోలో చూపించేది ఏదో పువ్వు, చిలక, రంగుల బొమ్మ. వాటిలో ఏ లోపమూ కనపడదు. మీరు పట్టుకెళ్లాల్సింది ఆరు పాయింట్లలో తెలుగు. ‘స్త్రీ’, ‘క్ష్మ’ లాంటివి రాయండి. తెల్ల వత్తులను నల్ల నేల మీద పెట్టి కొట్టించండి. హెడ్ వెళ్లేటప్పుడు ఒక గీత, వచ్చేటప్పుడు ఇంకో గీత వేస్తుంది కదా, ఆ రెండూ వెంట్రుకవాసి తప్పినా వత్తు లోపల ఖాళీ పూడిపోతుంది. ‘త్ర’ కాస్తా ముద్ద అవుతుంది.

ఇంజినీరు: అలా పూడితే సేల్స్ అబ్బాయి వెంటనే ‘పాస్ పెంచుదాం సార్’ అంటాడు. అంటే అదే చోట హెడ్ నాలుగుసార్ల బదులు ఎనిమిదిసార్లు తిరగడం. క్వాలిటీ వస్తుంది, స్పీడు సగానికి పడిపోతుంది. బ్రోషర్‌లో ‘గంటకు ఇన్ని చదరపు మీటర్లు’ అని పెద్దక్షరాల్లో వేస్తారే, అది డ్రాఫ్ట్ మోడ్ లెక్క. దాన్నెవరూ కస్టమర్‌కు ఇవ్వరు. అందుకని స్టాప్‌వాచ్ మీ చేతిలో పెట్టుకోండి. ఒక పూర్తి ఎనిమిది బై నాలుగు షీటు, వైట్‌తో సహా, మీరు కస్టమర్‌కు ఇచ్చే క్వాలిటీలో, ఎక్కించడం దగ్గర్నుంచి దించేదాకా ఎంతసేపో చూడండి. వైట్, రంగులు ఒకే పోతలో వేసే మెషిన్లున్నాయి. ముందు వైట్ అంతా కొట్టి, షీటు వెనక్కి తెచ్చి మళ్లీ రంగు కొట్టేవీ ఉన్నాయి. రెండో రకంలో పడే టైమంతా మీ జేబుకే చిల్లు.

వ్యాఖ్యాత: వైట్ గురించి మీరిద్దరూ పదే పదే అంటున్నారు. అంత ముఖ్యమా?

యజమాని: డబ్బులన్ని గండ్లనే ఉన్నయ్ సార్. తెల్ల సన్‌బోర్డు మీద రంగు ఎవడైన కొడ్తడు. ట్రాన్స్‌పరెంట్ యాక్రిలిక్ వెనకకెళ్లి ఉల్టా కొట్టి, ముందు రంగు, దాని మీద వైట్ ఏస్తే, ముందటి దిక్కు అద్దం లెక్క మెరుస్తది. ఇంకు వెనక ఉంటది కాబట్టి గీతలు పడవు. గ్లో సైన్ బోర్డుకు రంగు, వైట్, మళ్ల రంగు ఏస్తే పగలొక తీరు, రాత్రి లైటేసినంక గూడ గదే తీరు. గోల్డ్ ఏసీపీ, అంటే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్ మీద వైట్ లేకుండ కొడ్తే రంగులన్ని మురికిగ కనవడ్తయ్. మంచి రేటు వచ్చేవన్ని వైట్ పనులే.

ఇంజినీరు: ఏడిపించేదీ అదే. వైట్‌లో ఉండేది టైటానియం డయాక్సైడ్. ఇంకు ద్రవం కన్నా నాలుగింతల బరువు. కదలకుండా ఉంచితే అడుక్కి దిగుతుంది. ట్యాంకులో దిగితే కలపొచ్చు, పైపులో, హెడ్‌కు ముందుండే చిన్న డబ్బా డంపర్‌లో, హెడ్ లోపల దిగితే నాజిల్స్ మూసుకుపోతాయి. అందుకని ట్యాంకులో కలిపే మోటారు ఒక్కటుంటే సరిపోదు. ఇంకు హెడ్ దాకా వెళ్లి తిరిగి వచ్చే సర్క్యులేషన్ ఉందా, రాత్రి మెషిన్ ఆపాక కూడా అది నడుస్తుందా అని అడగాలి. ‘సర్క్యులేషన్ ఉంది సార్’ అంటారు. ప్యానెల్ తీయించి పైపు ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి మళ్లుతోందో కళ్లారా చూడండి. చాలా వాటిలో సగం దారిలోనే తిరిగొచ్చేస్తుంది.

వ్యాఖ్యాత: పండగకు నాలుగు రోజులు షాపు మూస్తే?

ఇంజినీరు: దసరాకు ఊరెళ్లి వచ్చి ఫోన్ చేసేవాళ్లే మాకు పెద్ద గిరాకీ. (నవ్వులు) మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లకూడదు. ఎవరో ఒకరు వచ్చి కొంచెం ఇంకు బయటికి వదిలి, నాజిల్ చెక్ తీసి వెళ్లాలి. ఆ మనిషి లేకపోతే వైట్ ఉన్న మెషిన్ జోలికి వెళ్లొద్దు.

వ్యాఖ్యాత: డెమోకు ఇంకేం పట్టుకెళ్లాలి?

యజమాని: సొంత షీట్లు. రాణిగంజ్‌ల మీరు ఏ యాక్రిలిక్ కొంటరో గదే. డెమో రూముల ఉండే షీటు వాళ్లకు అచ్చొచ్చింది ఉంటది. ఏసీపీల గూడ ఒక్కో కంపెనీది కోటింగ్ ఒక్కో తీరు. ఒకదాన్ని ఇంకు పట్టుకుంటది, ఇంకోదాని మీదికెళ్లి గోరుతోని గీకితే లేసొస్తది.

ఇంజినీరు: ప్రింటు అయిన వెంటనే పరీక్ష చేయకండి, మర్నాడు చేయండి. కొత్త బ్లేడుతో అడ్డం, నిలువు గీతలు గీసి చిన్న చిన్న గళ్లు చేయండి. గట్టి టేపు అంటించి ఒక్క ఊపున లాగండి. గళ్లు టేపుకు వచ్చేస్తే, ఇంకు పట్టేలా ముందు పూసే ప్రైమర్ లేకుండా ఆ షీటు మీద పని ఒప్పుకోకూడదు. గ్లాసుకైతే ప్రైమర్ తప్పదనే అనుకోండి. ఇంకోటి, ఇంకు గట్టి రకమా, సాగే రకమా అడగండి. గట్టి ఇంకు గ్లాసు, మెటల్ మీద బాగుంటుంది. అదే వినైల్ మీద కొట్టి మడిస్తే పగుళ్లిస్తుంది. ఏసీపీ మీద ప్రింటు కొట్టాక రూటర్ మెషిన్‌తో గాడి తీసి మడతపెట్టే పని ఉంటే, ఆ మడత కూడా డెమోలోనే పెట్టి చూడండి.

డిజైనర్: షీటు వంగి ఉంటే హెడ్‌కు తగులుతుందంటారు?

ఇంజినీరు: హెడ్‌కీ షీటుకీ మధ్య ఉండేది రెండు, మూడు మిల్లీమీటర్లు. ఎండలో గోడకు ఆనించి పెట్టిన సన్‌బోర్డు అంతకన్నా ఎక్కువే వంగుతుంది. వాక్యూమ్ టేబుల్ బలంగా లాగాలి, షీటు లేనిచోట రంధ్రాలు మూసేలా భాగాలుగా ఉండాలి. హెడ్‌ను మోసే క్యారేజీకి రెండు వైపులా తగిలితే ఆగే సెన్సర్ ఉండాలి. కానీ నేను చూసిన చాలా హెడ్‌లు పోయింది వంగిన షీటుతో కాదు, ఏసీపీ కోసినప్పుడు అంచున లేచే సన్నటి రేకుముక్కతో. చేత్తో తడిమితే గానీ తెలియదు. నాజిల్ ప్లేటు మీద గీరుకుంటూ పోతుంది. ఇక అద్దం, గోల్డ్ మిర్రర్ యాక్రిలిక్ లాంటివైతే ల్యాంపు వెలుతురు షీటు మీద పడి పైకి కొట్టి, నాజిల్స్ దగ్గరే ఇంకును గట్టిపరుస్తుంది. అలాంటి పనికి ల్యాంపు పవర్ తగ్గించే వీలుండాలి.

వ్యాఖ్యాత: ల్యాంపు ఎల్‌ఈడీయే తీసుకోవాలా?

ఇంజినీరు: అందులో ఆలోచించేదేముంది. పాత మెర్క్యురీ ల్యాంపు వేడెక్కడానికే నిమిషాలు పడుతుంది, ఓజోన్ వాసన, సన్నటి షీటు ఆ వేడికి వంగడం. ఎల్‌ఈడీ వెంటనే వెలుగుతుంది, ఏళ్ల తరబడి వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని మెర్క్యురీది కొనకండి.

వ్యాఖ్యాత: ఫోన్‌లో కరీంనగర్ నుంచి ఒకరున్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే సార్. మాది ఫ్లెక్స్ షాపు. పై అంతస్తుల రేకుల షెడ్డు ఖాళీగ ఉన్నది. గండ్ల పెడ్దమనుకుంటున్న. ముద్ర లోను వస్తదా?

యజమాని: తమ్మీ, తరుణ్ ప్లస్ కింద ఇరవై లక్షల దాక ఇస్తరు. కానీ ముందు తరుణ్ లోను తీసుకొని మంచిగ కట్టినోళ్లకే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే మెషిన్ మీద కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌ల వస్తది, సీయేను అడుగు.

ఇంజినీరు: లోను సంగతి సరే, పై అంతస్తు వద్దు. ఎనిమిది బై నాలుగు టేబులున్న మెషిన్ టన్ను దాకా తూగుతుంది, మెట్ల మీద ఎక్కదు. పైన నేల కొంచెం అదిరినా ప్రింటులో గీతలు పడతాయి. రేకుల కింద మే నెల వేడికి ఇంకు పలచబడి కారుతుంది. ఏసీ గది కావాలి. కిటికీ పక్కన అసలే పెట్టొద్దు, ఎండలోనూ యూవీ ఉంటుంది, హెడ్ మీద ఎండ పడితే ఇంకు అక్కడే గట్టిపడుతుంది. యూపీఎస్ తప్పనిసరి. ప్రింటు మధ్యలో కరెంటు పోతే హెడ్ వెనక్కెళ్లి మూత కింద కూర్చోడానికైనా ఆ కాసేపు కరెంటు ఉండాలి.

కాలర్: మరి సర్వీసుకు హైదరాబాద్‌కెళ్లి రావాలె కదా సార్?

ఇంజినీరు: కొనేముందే అడగండి, హైదరాబాద్‌లో వాళ్ల సొంత ఇంజినీర్లు ఎందరు, హెడ్, డంపర్లు, సర్క్యూట్ బోర్డులు ఇక్కడే స్టాకు ఉన్నాయా, ముంబై నుంచో చైనా నుంచో రావాలా అని. హెడ్‌కు చాలా చోట్ల వారంటీ ఉండదు, ఆ లైను బిల్లు మీద చదవండి. బయటి ఇంకు వాడితే మిగతా వారంటీ కూడా పోతుందేమో రాయించుకోండి. మీ జిల్లాలో అదే మెషిన్ కొన్నవాళ్ల నంబర్లు అడగండి. ఇవ్వకపోతే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

డిజైనర్: పనివాళ్ల సంగతి కూడా. ఆరని ఇంకు చేతికి అంటితే దురద, పొక్కులు వస్తాయి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఇక పోదు. నైట్రైల్ గ్లవ్స్ ఇవ్వండి. థిన్నర్‌తో చేతులు కడగనివ్వొద్దు, సబ్బు, నీళ్లు చాలు.

కాలర్: సార్, ఆఖరుది. ఇప్పుడైతే నెలకు ముప్పై షీట్లే అయితయ్, ఎక్కువ నేమ్‌ప్లేట్లు, మెమెంటోలు. చిన్నది తీసుకుంటే?

యజమాని: ముప్పై షీట్లకు పెద్దది ఎందుకు తమ్మీ? రెండు బై మూడు ఫీట్ల టేబులున్నది చూడు. నేమ్‌ప్లేటుకు, మెమెంటోకు గది సరిపోతది. పెద్ద షీటు వచ్చిన రోజు బయట కొట్టించు. ఎవరన్న ఎనిమిది బై నాలుగు పెట్టుకొని ఖాళీగ కూసున్నోడు ఉంటడు, రేటు తగ్గిస్తడు.