పదో వారంలో కాలేజీకి తిరిగి వస్తే

[తెల్లబోర్డు. దాని మీద ఒకే అంకె: 43.75]

ఇది నా హాజరు శాతం. విదేశం నుంచి తిరిగి వచ్చిన రోజు మొదలు ఒక్క పీరియడ్ కూడా మానలేదు. జలుబు చేసినా వెళ్లాను. బంద్ అన్నరోజు కూడా గేటు దాకా వెళ్లి తాళం చూసి వచ్చాను. అయినా సెమిస్టరు చివరికి ఇంతకు మించి రావడానికి వీల్లేదు.

[బోర్డు మీద లెక్క రాస్తూ]

మా సెమిస్టరు 16 వారాలు. వారానికి 35 పీరియడ్లు. మొత్తం 560. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం, అంటే 420 పీరియడ్లు ఉండాలి. నేను చేరేసరికి తొమ్మిది వారాలు గడిచిపోయాయి, మిగిలినవి ఏడే. ఏడు ముప్ఫై అయిదులు 245. దాన్ని 560తో భాగించండి. ఎంత బుద్ధిమంతుడైనా ఆ గీత దాటలేడు.

నేను విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఒక సెమిస్టరు జర్మనీలోని డ్రెస్డెన్‌లో మార్పిడి విద్యార్థిగా చదివి మార్చి మొదట్లో వచ్చాను. వెళ్లేముందు చూసిన వీడియోలన్నీ వీసా, విమానం, చలికోటు, అక్కడ అన్నం ఎలా వండుకోవాలి అన్నవే. తిరిగి వచ్చాక ఏం జరుగుతుందో ఒక్కరూ చెప్పలేదు. ఇంటికే కదా వచ్చేది, అందులో చెప్పడానికి ఏముంటుంది అనుకున్నారేమో. నేనూ అలాగే అనుకున్నాను.

[దృశ్యం: రెండు కాలెండర్లు పక్కపక్కన]

ముందు ఈ తొమ్మిది వారాలు ఎక్కడికి పోయాయో చూద్దాం. జర్మనీలో శీతకాలపు సెమిస్టరు కాగితం మీద అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఉంటుంది. పాఠాలు ఫిబ్రవరి మొదట్లో ముగుస్తాయి, ఆ తర్వాత ఫిబ్రవరి అంతా పరీక్షలు. ఇక్కడ మా కాలేజీలో రెండో సెమిస్టరు డిసెంబర్ చివరి వారంలోనే మొదలైపోయింది. నేను అక్కడ పరీక్ష రాస్తున్న రోజుల్లోనే ఇక్కడ మొదటి మిడ్, అంటే సెమిస్టరు మధ్యలో పెట్టే పరీక్ష, జరిగిపోయింది. ఒకే మనిషి రెండు చోట్ల ఉండాల్సిన రోజులవి. తప్పు ఎవరిదీ కాదు, రెండు కాలెండర్లూ ఒకదాన్ని ఒకటి ఎరగవు, అంతే.

అందుకని వెళ్లబోయేవారు ఈ వీడియోలో ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం చేయండి. వెళ్లేముందే కాలేజీ నుంచి ఒక ఉత్తరం తీసుకోండి. అందులో మూడు విషయాలు ఉండాలి. అక్కడి చివరి పరీక్ష తేదీ దాకా మీరు కాలేజీ పని మీదే ఉన్నట్టు. తిరిగి చేరిన రోజు నుంచే హాజరు లెక్క కడతామని. తప్పిపోయిన మిడ్ మళ్లీ పెడతామని. నా దగ్గర మొదటిది ఒక్కటే ఉంది. అందులోనూ జనవరి 31 దాకా అని రాశారు. మిగతా రెండింటి కోసం వచ్చిన మొదటి వారంలో మూడు రోజులు ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగాను. “సార్ భోజనానికి వెళ్లారు” అన్న వాక్యం విన్నప్పుడే నిజంగా ఊరికి వచ్చేశానని నమ్మకం కుదిరింది.

[దృశ్యం: ఆర్‌కే బీచ్, సూర్యోదయం]

ఇక నిద్ర సంగతి. ఇది కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్లు ప్రేమతో ఇచ్చే సలహా ఇక్కడ పనిచేయదు.

చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. తూర్పు వైపు ప్రయాణం శరీరానికి ఎక్కువ కష్టం. మన లోపలి గడియారం ఇరవై నాలుగు గంటలకంటే కొద్దిగా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఆలస్యంగా పడుకోమంటే సంతోషంగా ఒప్పుకుంటుంది, పెందలాడే పడుకోమంటే మొండికేస్తుంది. వైజాగ్‌లో రాత్రి పదకొండు అయినప్పుడు నా శరీరానికి సాయంత్రం ఆరున్నర. తొమ్మిదింటికి మొదటి పీరియడ్ మొదలైనప్పుడు దానికి తెల్లవారుజామున నాలుగున్నర. ఆ పీరియడ్‌లో విన్నదేదీ నాకు ఈరోజుకీ గుర్తు లేదు.

నాన్న రోజూ ఉదయం బీచ్ రోడ్డులో నడుస్తారు. “రేపు ఆరింటికి నాతో రా, ఎండ తగిలితే అన్నీ సర్దుకుంటాయి” అన్నారు. వెళ్లాను. సముద్రంలోంచి సూర్యుడు లేస్తుంటే ఎంత బాగుందో చెప్పలేను. కానీ ఆ రాత్రి నిద్ర ఇంకా వెనక్కి జరిగింది.

కారణం ఇదీ. మామూలుగా నిద్ర లేచే సమయానికి రెండు మూడు గంటల ముందు శరీరం బాగా చల్లబడే క్షణం ఒకటి ఉంటుంది. దాని తర్వాత వెలుతురు పడితే లోపలి గడియారం ముందుకు జరుగుతుంది, అంటే నిద్ర త్వరగా వస్తుంది. దానికంటే ముందే పడితే వెనక్కి పోతుంది. నేను అక్కడ ఎనిమిదింటికి లేచేవాణ్ణి. అంటే ఆ క్షణం దాదాపు అయిదున్నరకు. మన సమయంలో అది పది గంటలు. ఆరింటికి బీచ్‌లో పడిన ఎండ నా శరీరానికి అర్ధరాత్రి ఒంటిగంటన్నరకు కళ్లలో దీపం వేసినట్టు! కాబట్టి మొదటి రోజు పది దాటాక ఎండలోకి వెళ్లండి. తర్వాత రోజుకో గంట చొప్పున ఇంకా త్వరగా వెళ్లండి. శరీరం సర్దుకునేది కూడా రోజుకు ఇంచుమించు ఒక గంట చొప్పునే. అయిదో రోజుకల్లా నాన్నతో నడకకు వెళ్లవచ్చు. ఆయనకు ఈ సిద్ధాంతం చెబితే, “సూర్యుడు కూడా మీకు టైంటేబుల్ ప్రకారం రావాలన్నమాట” అన్నారు.

[దృశ్యం: మద్దిలపాలెం జంక్షన్, బస్సులు, జనం]

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తిరిగి వచ్చినవారిని అందరూ అడిగే ప్రశ్న “అక్కడ బాగుందా, ఇక్కడ బాగుందా?” మా పిన్ని అయితే ఫోను ఎత్తగానే అదే. చలి, తిండి, శుభ్రత, ట్రాఫిక్, వీటి గురించే జవాబు ఆశిస్తారు. వాటికి నాకు పట్టింది నాలుగు రోజులు. ఖాళీ నీళ్ల సీసా పారేయడానికి మాత్రం ఇంకా చేయి రావడం లేదు, ఎందుకంటే అక్కడ ప్లాస్టిక్ సీసా తిరిగి ఇస్తే 25 సెంట్లు చేతిలో పెడతారు. నన్ను నిజంగా కుదిపేసింది వేరే. నా గంటలు నా చేతుల్లోంచి పోయాయి.

ఎందుకో చెప్పాలంటే క్రెడిట్ అనే మాట విప్పాలి. అక్కడా క్రెడిట్లే, ఇక్కడా క్రెడిట్లే. పేరు ఒకటే గానీ రెండూ కొలిచేవి వేరు.

[బోర్డు మధ్యలో గీత గీసి రెండు భాగాలు చేస్తూ]

యూరప్ క్రెడిట్ విద్యార్థి చేసే మొత్తం పనిని కొలుస్తుంది. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటలు, జర్మనీలో 30. అయిదు క్రెడిట్ల సబ్జెక్టు అంటే 150 గంటలు. వాటిలో తరగతిలో కూర్చునేది 45 గంటలు మాత్రమే. మిగిలిన 105 గంటలు గ్రంథాలయంలో, గదిలో, వంటింట్లో కూరగాయలు తరుగుతూ, ఎలా గడుపుతారో మీ ఇష్టం. ఎవరూ అడగరు. చివర ఒక్క పరీక్ష, అందులో ఆ గంటలన్నీ బయటపడతాయి.

మన క్రెడిట్ కూర్చున్న గంటలను కొలుస్తుంది. వారానికి ఒక గంట పాఠం వింటే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటి. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు 15 వారాలు వేసుకుంటే తరగతి గంటలు 45. చూశారా, తరగతి రెండు చోట్లా ఒక్కటే! కానీ ఆ 105 గంటలు మన కాగితం మీద ఎక్కడా లేవు. లేవు కాబట్టి వాటికి చోటూ లేదు. ఆ చోటులో రికార్డు, అబ్జర్వేషన్ పుస్తకం, అసైన్‌మెంట్, మిడ్, వైవా, ప్లేస్‌మెంట్ శిక్షణ వరుసగా వచ్చి కూర్చున్నాయి. డ్రెస్డెన్‌లో వారానికి 18 గంటలు తరగతిలో ఉండేవాణ్ణి. ఇక్కడ 35 పీరియడ్లూ కలిపి 29 గంటలు, బస్సు గంటలు కాకుండా.

ఇందులో ఏది గొప్ప అని తేల్చడం నా ఉద్దేశం కాదు. అక్కడ నా పక్క గది అబ్బాయి ఆ 105 గంటలు హాయిగా నిద్రపోయి ఫిబ్రవరిలో మూడు సబ్జెక్టులు పోగొట్టుకున్నాడు. మా కాలేజీలో వాణ్ణి ఎవరో ఒక మేడం నవంబర్‌లోనే పట్టుకుని ఉండేది. అయితే అయిదు నెలలు ఒక పద్ధతిలో బతికినవాడికి రెండో పద్ధతిలో ఊపిరాడదు. నాకు వచ్చిన దిగులు జర్మనీ మీద బెంగ అనుకున్నారు అందరూ. నాకు బెంగ ఉన్నది మంగళవారం మధ్యాహ్నాల మీద. అక్కడ మంగళవారం మధ్యాహ్నం ఖాళీ.

పోయిన 105 గంటలను ఎవరూ తిరిగి ఇవ్వరు. అందులో కొన్నింటిని తెచ్చుకోవచ్చు. నేను శనివారం సాయంత్రం రెండు గంటలు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి కేటాయించాను. రికార్డు రాయను, అసైన్‌మెంట్ చేయను, ఎవరూ అడగని ఒక అధ్యాయం చదువుతాను. మొదటి రెండు శనివారాలూ రికార్డు పుస్తకం పట్టుకునే వెళ్లానని ఒప్పుకుంటున్నాను. కాలేజీ బస్సులో వెనక సీటు కూడా ఇలాంటిదే. పోనూ రానూ వంద నిమిషాలు. ముందు సీట్లో పాటలు పెడతారు.

[దృశ్యం: బీచ్ రోడ్డు, సాయంత్రం, మురీ మిక్చర్ బండి]

స్నేహితులు. ఇక్కడ జాగ్రత్త.

1945లో ఆల్‌ఫ్రెడ్ షుట్జ్ అనే ఆస్ట్రియా సామాజికవేత్త, యుద్ధం నుంచి ఇళ్లకు చేరుతున్న సైనికులను దృష్టిలో పెట్టుకుని ఒక తేడా చెప్పాడు. కొత్త ఊరికి వెళ్లేవాడికి అక్కడ అంతా కొత్తగా ఉంటుందని ముందే తెలుసు, సిద్ధపడే వెళతాడు. ఇంటికి వచ్చేవాడు అంతా తెలిసినదే అనుకుని వస్తాడు. వాడు లేనప్పుడు ఇల్లు ఆగి ఉండదు, వాడూ ఆగి ఉండడు. 

నా విషయంలో ఆ మార్పు చిన్నదే గానీ గట్టిగా తగిలింది. నలుగురితో ప్రాజెక్టు బ్యాచ్ కట్టేశారు, అందులో నేను లేను. పగబట్టి చేసింది కాదు, జనవరిలో పేర్లు ఇమ్మన్నారు, ఇచ్చారు. వాళ్లు నవ్వుకునే మాటల్లో సగం నాకు తెలియదు. నేను నవ్వు పుట్టించే మాటలన్నీ “జర్మనీలో అయితే” అని మొదలయ్యేవి. మూడో రోజున ఒక జరిమానా పెట్టారు. ఆ మాట ఎత్తితే అందరికీ మురీ మిక్చర్ నేనే కొనాలి. మొదటి వారంలో నాలుగుసార్లు కొన్నాను. తర్వాత ఆ ఖర్చు తగ్గింది. వాళ్లు నా కథలు వినలేదని కొన్నాళ్లు బాధపడ్డాను గానీ, వాళ్ల అయిదు నెలల సంగతి నేనూ అడగలేదని ఆ బండి దగ్గరే తెలిసింది. ఒకడి నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది. నాకు ఎవరూ చెప్పలేదు, దూరంలో ఉన్నవాణ్ణి కంగారు పెట్టడం ఎందుకని.

ఈ విషయం మీద వెతికితే మీకు ఆంగ్ల అక్షరం డబ్ల్యూ ఆకారంలో ఒక గీత కనిపిస్తుంది. 1963లో పరిశోధకులైన గలహార్న్ దంపతులు చెప్పినది. వెళ్లినప్పుడు ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి మనసు పల్లంలో పడి లేస్తుందని దాని సారం. దాన్ని జాతకంలా చూసుకోకండి. దానికి ముందు వచ్చిన, వెళ్లినప్పటి పల్లం ఒక్కటే చూపే యు ఆకారపు గీతను 1990ల్లో న్యూజిలాండ్‌లోని జపాన్ విద్యార్థుల మీద పరీక్షిస్తే అలా కనబడలేదు, మొదట్లోనే ఎక్కువ కష్టపడ్డారు. మీ పల్లం ఎప్పుడు వస్తుందో గీత చెప్పలేదు. వారాలు గడిచినా తిండి, నిద్ర దారిలో పడకపోతే మాత్రం గీతలు పక్కన పెట్టి కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి.

[దృశ్యం: కాగితాల ఫైలు]

జర్మనీ నుంచి బయలుదేరేముందు అక్కడి పురపాలక కార్యాలయంలో నివాసుల జాబితాలోంచి పేరు తీయించుకోండి. ఆ కాగితం చూపించి, అక్కడ ఇంటింటికీ వసూలు చేసే రేడియో, టీవీ రుసుము ఆపించండి. లేకపోతే మీరు భీమిలిలో పునుగులు తింటుంటే అక్కడ నెలకు 18.36 యూరోలు మీ పేరున పడుతూనే ఉంటుంది.

ఇక మార్కులు. మార్కుల పత్రం ఏప్రిల్‌లో వచ్చింది. మన క్రెడిట్లన్నీ దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఆన్‌లైన్ ఖాతాలో మనం నేరుగా జమ చేసుకోలేం, కాలేజీయే ఎక్కించాలి. అందుకని ఆ పత్రం పట్టుకుని పరీక్షల విభాగానికి వెళ్లాను. ఒక సబ్జెక్టులో నాకు 1.3 వచ్చింది. జర్మనీలో 1.0 అన్నిటికంటే గొప్ప, 4.0 దాకా పాస్, 5.0 అంటే తప్పినట్టు. అక్కడి గుమాస్తా గారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

“పదికి 1.3 ఏమిటి బాబూ? సప్లిమెంటరీ కట్టావా?”

జర్మనీవాళ్లు విదేశీ మార్కులను మార్చుకునే సూత్రం ఒకటి ఉంది. దాన్నే తిరగేసి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లాను. 

[బోర్డు మీద] 

1.3లోంచి 1 తీసేస్తే 0.3. దాన్ని 3తో భాగిస్తే 0.1. మనకు గరిష్ఠం 10, పాస్ 4 అనుకుంటే తేడా 6. ఆరు పెట్టి గుణిస్తే 0.6. పదిలోంచి తీసేస్తే 9.4. ఆయన ఫోనులో రెండుసార్లు లెక్కపెట్టి, “బాగానే చదివావే” అని 9.4 వేశారు.

తర్వాత క్రెడిట్ల గడి. అక్కడ ఏడాదికి 60, ఇక్కడ నాలుగేళ్ల డిగ్రీకి 160 కాబట్టి ఏడాదికి 40. అంటే వాళ్ల ఒకటిన్నరకు మనది ఒకటి. నా అయిదు క్రెడిట్లను ఒకటిన్నరతో భాగించి 3.33 అని చూపించాను. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. కంప్యూటర్‌లో 3 కొట్టారు, 4 కొట్టారు, రెండూ చెరిపేశారు.

“ఈ పాయింట్ మూడు మూడు ఎక్కడ పెట్టాలి బాబూ?”

సార్ భోజనానికి వెళ్లారు. రేపు రమ్మన్నారు.