టికెట్టు గట్టుకే, చేపకు కాదు
(ఇంగ్లండ్‌లోని తెలుగువారి వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పొద్దున్నుంచి వంటల దగ్గర నిలబడ్డ అక్కలకు, అన్నలకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. నాకిచ్చింది ఇరవై నిమిషాలే, నదుల్లో గాలం వేయడం మళ్ళీ మొదలయ్యే జూన్ 16 చూస్తే ముంచుకొచ్చింది. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

కార్యక్రమ పత్రంలో నా అంశం "డే టికెట్‌తో గాలం వేయడానికి మంచి నది గట్టు వెతుక్కోవడం". చెబుతాను. డే టికెట్ అంటే ఒక గట్టు మీద ఒక రోజు గాలం వేయడానికి కొనే అనుమతి. మధ్యలో ఇంకో మాట కూడా చెప్పాలి. దానికి కొంచెం ఓపిక పట్టండి.

ముందుగా కొత్తవాళ్ళ కోసం. ఈ దేశంలో మంచినీటి చేపల్ని రెండు రకాలుగా చూస్తారు. సాల్మన్, ట్రౌట్ లాంటివి గేమ్ ఫిష్. మిగతావి కోర్స్ ఫిష్, అంటే బార్బెల్, చబ్, రోచ్, డేస్, బ్రీమ్, పెర్చ్, పైక్, టెంచ్, కార్ప్. బార్బెల్, కార్ప్ మన శీలావతి, బొచ్చె కుటుంబానివే. ఒకసారి బార్బెల్ గాలానికి తగిలి వాలు మీదికి పరిగెత్తిందంటే గోదావరి గట్టు మీద పెరిగినవాడికి ఆ లాగుడు కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఎంతమంది దగ్గర రాడ్ లైసెన్సు, అంటే గాలం కర్రతో చేపలు పట్టే లైసెన్సు ఉంది? ఒక్కసారి చేతులెత్తండి. ఎత్తనివాళ్ళు ఈ మాట వినండి. 13 ఏళ్ళు నిండిన ప్రతివారికీ లైసెన్సు ఉండాలి. 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు అది ఉచితమే, కానీ తీసుకుని తీరాలి. లేకుండా పట్టుబడితే 2,500 పౌన్ల దాకా జరిమానా. ఒక రోజుకి, ఎనిమిది రోజులకి, పన్నెండు నెలలకి ఇస్తారు. ఇంగ్లండ్, వేల్స్ రెండింటికీ చెల్లుతుంది. ఇది ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు. డే టికెట్ వేరు. అది ఆ గట్టు ఎవరిదో వాళ్ళిచ్చే అనుమతి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. రెండూ కావాలి.

సముద్రపు పోటు తగలని నదిలో చేపలు పట్టే హక్కు మామూలుగా గట్టు యజమానిది. రెండు పక్కలా వేర్వేరు యజమానులుంటే నది మధ్య దాకా ఒకరిది, అవతలి సగం మరొకరిది. ఆ హక్కును క్లబ్బు కౌలుకు తీసుకుంటుంది, లేదా కొనుక్కుంటుంది. అందులో కొన్ని స్ట్రెచ్‌లు, అంటే గట్టు ముక్కలు, సభ్యులకే, కొన్ని ఒక రోజుకు డబ్బు కట్టినవాళ్ళకి. పోటు తగిలే చోట మాత్రం చేపలు పట్టే హక్కు సామాన్యంగా జనం అందరిదీ. థేమ్స్ మీద ఆ హద్దు టెడ్డింగ్‌టన్ లాకు, ట్రెంట్ మీద క్రామ్‌వెల్ లాకు. అయితే నీళ్ళ మీద హక్కున్నంత మాత్రాన గట్టు మీద హక్కు రాదు. అక్కడికి చేరే దారి వేరొకరిదైతే వాళ్ళ టికెట్టు కొనాల్సిందే. లైసెన్సు, మూసివేత కాలం అక్కడా వర్తిస్తాయి.

మూసివేత కాలం మార్చి 15 నుంచి జూన్ 15 దాకా. ఆ మూడు నెలలూ నదుల్లో కోర్స్ ఫిష్ కోసం గాలం వేయకూడదు. అవి గుడ్లు పెట్టే కాలం. 1878లో షెఫీల్డ్ ఎంపీ ముండెల్లా తెచ్చిన చట్టంతో మొదలైంది. చెరువులకు 1995లో, చాలా కాలువలకు 2000లో సడలించారు. నదులకు మాత్రం అలాగే ఉంది, ఉండాలి కూడా. చెరువులో గాలం వేసి అలవాటైనవాళ్ళు ఏప్రిల్లో నదికి వెళ్ళి చిక్కుల్లో పడేది ఇక్కడే.

సరే, చోటు ఎలా వెతకాలి? అందరూ ఫోన్ తీస్తారు. తీయండి, కానీ మొదట వెళ్ళాల్సింది ఆ నదికి దగ్గర్లో గాలం సామాను అమ్మే టాకిల్ షాపుకి. డే టికెట్లు చాలాచోట్ల అక్కడే అమ్ముతారు. ఒక పింట్ మ్యాగట్లు, అంటే ఎరకు వాడే ఈగ పురుగులు, కొని నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ వారం నీళ్ళు ఎలా ఉన్నాయి? గట్టు మీదే డబ్బు తీసుకుంటారా, ముందే కొనాలా? కారు ఎక్కడ పెట్టాలి? చీకటి పడ్డాక ఉండనిస్తారా? రెండో ప్రశ్న అస్సలు మరవకండి. కొన్నిచోట్ల బెయిలిఫ్, అంటే గట్టు కాపలాదారు, వచ్చి గట్టు మీద వసూలు చేస్తాడు. కొన్నిచోట్ల ముందుగా టికెట్టు లేకుండా గాలం నీళ్ళలో వేయడమే తప్పు. అనుమతి లేకుండా చేపలు పట్టడం 1968 నాటి దొంగతనాల చట్టం కింద నేరం, మీ సామాను కూడా స్వాధీనం చేసుకోవచ్చు.

కొన్ని పేర్లు చెబుతాను, రాసుకోండి. దక్షిణాన క్రైస్ట్‌చర్చ్ దగ్గర హాంప్‌షైర్ ఏవన్ నది మీద రాయల్టీ ఫిషరీ. పెద్ద బార్బెల్‌కి తరతరాలుగా పేరున్న చోటు. ఆ పక్కనే డోర్సెట్ స్టౌర్ నది మీద త్రూప్. మిడ్‌లాండ్స్‌లో ఉన్నవాళ్ళకి సెవెర్న్ నది, బ్యూడ్లీ నుంచి బ్రిడ్జ్‌నార్త్ దాకా, మధ్యలో ఆర్లీ, హాంప్టన్ లోడ్. పోటు తగిలే ట్రెంట్ మీద కాలింగ్‌హామ్. వై నది మీద వై అండ్ అస్క్ ఫౌండేషన్ నడిపే ఫిషింగ్ పాస్‌పోర్ట్ ద్వారా ఒక్కో బీట్‌ను, అంటే హద్దులు గీసిన గట్టు ముక్కను, రోజు చొప్పున బుక్ చేసుకోవచ్చు. ఒక బీట్ మీద కొద్దిమందినే అనుమతిస్తారు కనుక ప్రశాంతంగా ఉంటుంది. లండన్ వాళ్ళకు థేమ్స్ లాకుల దగ్గర, ఆనకట్టల దగ్గర ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ప్రత్యేక అనుమతి ఇస్తుంది. ఏ చోటికైనా వెళ్ళే ముందు ఈ ఏడాది నియమాలు చూసుకోండి. కౌలు చేతులు మారుతుంటుంది.

సెవెర్న్ పేరు వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఈ రోజు సెవెర్న్‌లో బార్బెల్ పట్టి ఫొటో తీసుకుంటున్నారే, ఆ చేప ఆ నదికి సహజంగా చెందింది కాదు. బార్బెల్ సొంతిల్లు తూర్పుకు పారే నదులు, థేమ్స్, ట్రెంట్, యార్క్‌షైర్ నదులు. 1956లో యాంగ్లింగ్ టైమ్స్ పత్రిక పూనుకుని కెన్నెట్ నది నుంచి బార్బెల్స్ తెప్పించి సెవెర్న్‌లో వదిలింది. అవి నిలదొక్కుకున్నాయి, పెరిగాయి, టీమ్ నది లాంటి ఉపనదుల్లోకీ ఎక్కాయి. పట్టినవాడు తిరిగి వదిలాడు, మళ్ళీ పట్టినవాడు మళ్ళీ వదిలాడు. పది పౌన్ల బరువున్న బార్బెల్ కావాలంటే పదేళ్ళు పైనే పడుతుంది. ఆ పదేళ్ళలో ఎంతమంది చేతుల్లోంచి బతికి నీళ్ళలోకి వెళ్ళి ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు నేను చెప్పాలన్న మాట. అనుకున్న వరుస ప్రకారం నదిని చదవడం ముందు రావాలి. కానీ దీన్ని వెనక్కి నెట్టలేను. టికెట్టు కొన్నాం కనుక చేప మనది అనుకునేవాళ్ళు మనలో ఉన్నారు. ఐస్ పెట్టె తీసుకుని గట్టుకు వెళ్ళేవాళ్ళున్నారు. దయచేసి వినండి. మీరు కట్టిన డబ్బు ఆ రోజు ఆ గట్టు మీద కూర్చోవడానికి. చేప ధర అందులో లేదు.

చట్టం ఏమంటుందో కూడా చెబుతాను. నదిలో రోజుకు 65 సెంటీమీటర్లు మించని పైక్ ఒకటి, 30 నుంచి 38 సెంటీమీటర్ల మధ్య ఉన్న గ్రేలింగ్ రెండు, 20 సెంటీమీటర్ల లోపు చిన్న చేపలు పదిహేను, అంతే. అదీ హక్కుదారు ఒప్పుకుంటేనే. డే టికెట్ గట్ల మీద సాధారణంగా ఒక్కటీ ఒప్పుకోరు. మలుగు లాంటి ఈల్ తగిలితే ఎక్కడైనా వదిలేయాల్సిందే. ఇంకో సంగతి, మన ఇళ్ళల్లో చేప జన అంటే ప్రాణం పెడతారు. బార్బెల్ జన విషం. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

చేపలు మాయమవుతున్నాయన్న అనుమానం వచ్చిందంటే క్లబ్బు చేతిలో ఉన్న తేలికైన మార్గం డే టికెట్లు ఆపేసి గట్టును సభ్యులకే ఉంచేయడం. అప్పుడు నష్టపోయేది క్లబ్బు ఫీజు కట్టలేని కుర్రాడు, సెలవురోజున పిల్లాణ్ణి తీసుకెళ్దామనుకున్న తండ్రి, కొత్తగా వచ్చిన మనలాంటివాళ్ళు. ఒక్క ఐస్ పెట్టె వల్ల ఒక గట్టు పోతుంది. అమ్మలారా, అయ్యలారా, కూరకు చేప కావాలంటే బజారులో కొనుక్కోండి. నది చేపను నదికే వదలండి.

ఇక నదిని చదవడం. ఇంట్లో కూర్చునే సగం పని అవుతుంది. ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ పటం తీసి నాలుగు గుర్తులు చూడండి. ఆనకట్ట కింది మడుగు, వంకర తిరిగిన చోటు, లంక, ఉపనది కలిసే చోటు. తర్వాత ఉపగ్రహ చిత్రంలో గట్టు మీది చెట్లు చూడండి. కారు పెట్టే చోటికి దగ్గర్లో గడ్డి అరిగి నేల నున్నగా కనిపించే పెగ్‌లు, అంటే కూర్చుని గాలం వేసే చోట్లు, రోజూ తొక్కిడి పడ్డవి. అక్కడి చేప ప్రతి ఎరనూ ఎరుగును. అర మైలు నడిచినవాడికి వేరే నది దొరుకుతుంది.

గట్టు మీదికి వెళ్ళగానే గాలం తీయకండి. నీటి మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్ళజోడు పెట్టుకుని స్ట్రెచ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. వేగంగా పారే నీరు, నెమ్మదిగా పారే నీరు ఒరుసుకునే గీత కనిపిస్తుంది. చేప నెమ్మది పక్కన నిలబడి వేగం మోసుకొచ్చే తిండిని అందుకుంటుంది. ఎర పడాల్సింది ఆ గీత మీద. వాలిన విల్లో కొమ్మల కింద చబ్ ఉంటుంది. గులకరాళ్ళ మీద పారే జాలులో, నాచు జడల మధ్య ఇసుక కనిపించే సందుల్లో బార్బెల్. నిదానమైన లోతుల్లో బ్రీమ్, రోచ్. నిటారుగా ఆకాశానికి ఎదురుగా నిలబడితే చేప మిమ్మల్ని ముందు చూస్తుంది. గట్టు మీద ధనధన నడిస్తే ఆ అదురు నీళ్ళలోకి పోతుంది.

నచ్చిన చోట్లు మూడో నాలుగో ఎంచుకుని ఒక్కోదాంట్లో రెండు గుప్పిళ్ళు ఉడికించిన హెంప్ గింజలు వేసి అరగంట వదిలేయండి. హెంప్ నిషేధమైన చోట్లున్నాయి, టికెట్టు వెనక చూడండి. చబ్‌కి ఆరు పౌన్ల బరువు ఆపే తంగూసు, ఆరు లేక ఎనిమిదో నంబరు గాలం, బొటనవేలి గోరంత బ్రెడ్డు ముక్క చాలు. బార్బెల్‌కి పది నుంచి పన్నెండు పౌన్ల తంగూసు వాడండి. పల్చటి తంగూసుతో వెళ్తే అది తెగి గాలం చేప నోట్లో ఉండిపోతుంది. రోచ్‌కి బెండు కట్టి, ముందు లోతు కొలుచుకుని, వేసిన ప్రతిసారీ పదీ పన్నెండు మ్యాగట్లు కొంచెం ఎగువన చల్లండి. అవి మునిగి నేల చేరేసరికి ఎంత దిగువకు పోతాయో లెక్క వేసుకోకపోతే చేపల్ని మీ చోటు నుంచి మీరే తరిమేసినట్టు. ఫీడర్, అంటే మేత నింపి తంగూసుకు కట్టే చిన్న బుట్ట, నేల మీద దొర్లిపోతుంటే బరువు చాలలేదన్నమాట, ఇంకో ఔన్సు కలపండి. చిన్న సీసపు గుండ్లు 1987 నుంచి నిషేధం, వాటి బదులు వేరే లోహంవి షాపులో దొరుకుతాయి.

నీటిమట్టం గురించి. ప్రభుత్వ వరద సమాచార సైటులో చాలా నదులకు కొలబద్దల రీడింగులు ఉంటాయి. అంకె కంటే గీత ఎటు పోతోందో చూడండి. వేగంగా ఎక్కుతుంటే ఇంట్లో ఉండండి. ఎక్కి, రంగు పట్టి, దిగడం మొదలైందంటే బార్బెల్‌కి అదే సమయం. ఎర్రనీళ్ళు వస్తే పులస వస్తుందని గోదావరి వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా, ఇక్కడ టీ రంగు నీళ్ళు చూసి అలాగే బయల్దేరాలి. మంచు కరిగిన నీళ్ళయితే మాత్రం దండగ. నీరు పది డిగ్రీలు దాటితే బార్బెల్ బాగా తింటుంది. అంతకంటే చల్లబడితే చబ్‌ని వెతకండి. వేసవిలో 20 డిగ్రీలు దాటి పైకి పోతుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, బార్బెల్ జోలికి వెళ్ళకండి. పోరాడి అలసిన చేప మళ్ళీ తేరుకోదు.

వదిలేటప్పుడు ఎలా వదలాలో ఒక్క నిమిషం. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, కానీ ఇది వదలను. చేతులు తడుపుకోండి. చేపను ఎండు గడ్డి మీద, రాళ్ళ మీద పెట్టకండి, తడిపిన అన్‌హుకింగ్ మ్యాట్ మీద, అంటే గాలం తీయడానికి పరిచే మెత్తటి చాప మీద పెట్టండి. ఫోర్సెప్స్‌తో, అంటే చిన్న పట్టకారుతో గాలం తీయండి. బార్బెల్‌ను కీప్‌నెట్‌లో, అంటే పట్టిన చేపల్ని నీళ్ళలో ఉంచే వలలో వేయకండి, వీపు రెక్కలోని రంపపు ముల్లు వలలో ఇరుక్కుంటుంది. ఫొటో కావాలంటే కెమెరా సిద్ధం చేసుకున్నాకే నీళ్ళలోంచి పైకి ఎత్తండి. తర్వాత చేతి వలలోనే తల ఎగువకు ఉండేలా పట్టుకోండి. తనంతట తాను తోక కొట్టి వెళ్ళేదాకా అయిదు నిమిషాలైనా పది నిమిషాలైనా పట్టుకోవాలి. విసిరేస్తే తిరగబడి కొట్టుకుపోతుంది.

మీ ప్రాణం సంగతి. పైన కరెంటు తీగలుంటే ముప్పై మీటర్ల దూరం ఉండండి, కార్బన్ కర్ర లోంచి కరెంటు పారుతుంది. పోటు తగిలే ట్రెంట్‌లో నీరు రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, సామాను అంచున పెట్టకండి, ఒంటరిగా వెళ్ళకండి. అన్నం ముట్టే ముందు చేతులు కడుక్కోండి, ఎలుకల జ్వరం నది నీళ్ళలోంచి వస్తుంది. ఒక నదిలో వాడిన వల పూర్తిగా ఆరకుండా ఇంకో నదిలో ముంచకండి, చేపల రోగాలు, పరాయి జీవాలు దాంతోపాటు పాకుతాయి. రైతు గేటు మూసి ఉంటే మూసే వెళ్ళండి. తంగూసు ముక్క ఒక్కటి కూడా గట్టు మీద ఉండకూడదు, అది పక్షి కాలికి చుట్టుకుంటుంది.

చివరిగా ఒక నంబరు, అందరూ ఫోన్ తీసి ఇప్పుడే ఎక్కించుకోండి: 0800 80 70 60. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీది, రోజంతా పనిచేస్తుంది. చేపలు తేలుతున్నా, మురుగు నురగ కక్కుతున్నా, ఎవరైనా రాత్రిపూట వల వేస్తున్నా దీనికి చెప్పండి. వల వేసేవాడు మనవాడైనా సరే. లైసెన్సు లేనివాళ్ళు టీ తాగేలోపు వెనక బల్ల దగ్గరికి రండి, అక్కడే ఆన్‌లైన్లో తీయించి పంపిస్తాం.