కిటికీ అవతలి చెట్టు

శ్రోతలకు నమస్కారం.

పెరట్లో తులసికోట, గుమ్మం పక్కన మల్లెపందిరి, గోడవారగా బిళ్లగన్నేరు ఉన్న ఇంట్లో పెరిగినవారికి మొక్కల మధ్య మనసు తేలికపడుతుందని వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆ హాయి ఒంటికి కూడా మేలు చేస్తుందా, చేస్తే ఆ మేలును కొలిచి చూపగలమా అన్నది వేరే ప్రశ్న. దీనికి జవాబు వెతికినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్‌రిక్‌ది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం తొలగింపు శస్త్రచికిత్స చేయించుకున్నవారి రికార్డులను ఆయన తిరగేశారు. ఆ ఆసుపత్రిలో కొన్ని గదుల కిటికీలోంచి చూస్తే చెట్లు కనిపించేవి, మరికొన్నిటిలోంచి చూస్తే గోధుమరంగు ఇటుక గోడ తప్ప మరేమీ కనిపించేది కాదు. చెట్లకు ఆకులు నిండుగా ఉండే మే నుంచి అక్టోబరు వరకు గల నెలలనే లెక్కలోకి తీసుకుని, వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు వంటివి సరిపోయేలా 46 మందిని 23 జతలుగా కూర్చి, ఒక్కొక్క జతలో ఒకరు చెట్టు వైపు గదిలోనూ మరొకరు గోడ వైపు గదిలోనూ ఉన్నవారై ఉండేలా చూశారు. చెట్టు కనిపించినవారు సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్లారు. గోడ కనిపించినవారికి 8.70 రోజులు పట్టింది. చెట్టు వైపువారు గట్టి నొప్పిమందులు కూడా తక్కువగానే వాడారు. నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయినవి నర్సులు రాసుకున్న మాటలు. రోగి దిగులుగా ఉన్నాడనో, ఏడుస్తున్నాడనో, బాగా ధైర్యం చెప్పవలసి వస్తున్నదనో రాసిన సందర్భాలు గోడ వైపు గదుల్లో మూడు రెట్లకు పైగా కనిపించాయి.

1984లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఈ అధ్యయనం చిన్నది. పోల్చి చూసింది బోసిగోడతోనే కాబట్టి, కిటికీలోంచి కళకళలాడే వీధి కనిపించినా ఇదే ఫలితం వచ్చేదా అని దీన్నిబట్టి చెప్పలేము. అయినా ఆసుపత్రి భవనాలు కట్టేవారిని ఇది ఆలోచింపజేసింది.

ఇక కుండీలో మొక్క పెడితే ఇంట్లో గాలి శుభ్రపడుతుందన్న ప్రచారం సంగతి. నాసా కోసం 1989లో జరిగిన పరీక్షలు గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగినవి. మన ఇళ్లలో తలుపులు, కిటికీల గుండా వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలైనా కావాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. ఆ లెక్కన గదిలో మనుషులకు చోటుండదు!

మందుగా మొక్క చేసిన మేలు మాత్రం కాదనలేనిది. మన గోడవార బిళ్లగన్నేరునే చూడండి. మధుమేహానికి పనికొస్తుందని జమైకాలో కాచుకు తాగే ఈ ఆకును కెనడాలో శాస్త్రవేత్తలు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షించగా, చక్కెర సంగతి తేలలేదు గానీ, తెల్ల రక్తకణాలు తగ్గడం కనిపించింది. 1950లలో అలా మొదలైన వెదుకులాటలోంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు వచ్చింది; అదే మొక్క ఇచ్చిన విన్‌క్రిస్టిన్ ఈనాటికీ పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో వాడుతున్న మందు. అంతమాత్రాన ఆ ఆకు ఇంట్లో నమిలి మింగకూడదు. మందైన గుణమే మోతాదు తప్పితే విషమవుతుంది. పేరు కలిసే మరో మొక్క గన్నేరు, వేరు నుంచి పువ్వు దాకా విషమే.

కుండీలు పెంచేవారికి మరో మాట. కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది కనుక, వారానికి ఒకసారైనా ఆ నీటిని పారబోసి పళ్లెం తోమాలి.

ఆ మాత్రం శ్రమకు ఫలితం లేకపోలేదు. చలికాలం చివర ఆకు దూసి బోడిగా వదిలిన మల్లెమొక్క, ఎండలు ముదిరేసరికి గుత్తులుగా మొగ్గ తొడుగుతుంది. సాయంత్రం ఒళ్లో పళ్లెం పెట్టుకుని మాల కట్టే వేళ్లకు ఒకటే పని: రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, దారం ఒక చుట్టు. మూర మాల పూర్తయ్యేసరికి పగలంతా పట్టి పీడించిన చికాకు ఎప్పుడు పోయిందో కట్టేవారికే తెలియదు.

మీ ఇంట్లో ఎవరైనా మంచాన ఉంటే, ఆ మంచాన్ని ఒకసారి కిటికీ వైపు తిప్పి చూడండి. చెట్టు లేకుంటే ఎదురుగా ఒక కుండీ పెట్టండి.